డావచేతి కత్తెర

మొన్న ఆదివారం మా బిడ్డ కూతురు మౌనిక వచ్చి నా ఒళ్లో ఒక కత్తెర పెట్టింది. నల్లటి పిడి, తెల్లగా మెరిసే రేకులు. కుట్టు దుకాణంలో మేకుకు వేలాడే నా పాత కత్తెరకూ దీనికీ ఏం తేడా ఉందో నాకు తెలియలేదు. "ఉన్న కత్తెరలు సాలవా, మల్ల ఇదొకటెందుకు పట్టుకొచ్చినవ్" అన్నాను. ఎవరన్నా ఏదన్నా తెస్తే ముందు ఎందుకు తెచ్చారని అడగడం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది, ఇక పోదు. మౌనిక దానికి అలవాటు పడ్డ పిల్ల. "జర చేతిల పట్టుకోని చూడు అమ్మమ్మా, డావ చేత్తోని" అంది. పట్టుకున్నాను. బొటనవేలు దూర్చే కన్నం ఎక్కడా ఒరుసుకోకుండా వేలికి తొడిగినట్టు కూర్చుంది. పైరేకు ఎప్పుడూ ఉండే వైపు లేదు, అవతలి వైపు ఉంది. "డావచేతి వాళ్ల కోసమే చేస్తరంట. ఫోన్ల చూసి తెప్పించిన" అంది.

మా దిక్కు ఎడమ చేతిని డావ చెయ్యి అంటారు. నాది పుట్టుకతోనే డావ చెయ్యి. జహీరాబాదులో నా కుట్టు దుకాణానికి ఉన్న పేరు కూడా అదే. ఇన్నేళ్లు కత్తెర పట్టుకుని బతికాను, ముగ్గురు పిల్లలను ఆ కత్తెరతోనే పెంచాను. కాని డావ చేతికి వేరే కత్తెర ఉంటుందని నాకు ఒక్కరోజు కూడా తెలియదు. తప్పు నా చేతిదే అనుకున్నాను. తప్పు కత్తెరది కూడా కావచ్చని నాకు ఎవరూ చెప్పలేదు, నా అంతట నాకు తట్టలేదు. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తూ చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాను. నేను మాట్లాడకుండా కూర్చుంటే మా ఇంట్లో అందరికీ భయం. "ఏమైందే, పానం బాగలేదా" అని మా బిడ్డ వంటింట్లోంచి తొంగిచూసింది.

మౌనిక వచ్చింది కత్తెర ఇవ్వడానికి మాత్రమే కాదు. హైదరాబాదులో ఏదో ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే పని అది మానేసింది. నర్సు చదువు చదువుతుందట. సంగారెడ్డిలో సీటు వచ్చింది, వచ్చే నెల హాస్టల్‌లో చేరాలి. చిన్నప్పటి నుంచీ దానికి దవాఖాన అంటే ఇష్టమే. ఎవరికి దెబ్బ తగిలినా ముందు ఇదే ఉరికేది. అయితే రొట్టె తుంచుతూ తుంచుతూ అసలు మాట బయట పెట్టింది. "క్లాసుల అందరు ఇంటర్ అయిపోంగనే వచ్చిన పిల్లలు అమ్మమ్మా. నన్ను అక్కా అంటరు. మేడం ఏదన్న అడిగితే వాళ్లకొచ్చి నాకు రాకపోతే ఎట్ల? వద్దని ఫోన్ జేసి చెప్పుదామా అనిపిస్తుంది" అంది. దాని తల్లి ఫ్యాను కింద కుర్చీ వదిలిపెట్టి పోతావా అని అప్పటికే ఒక విడత తిట్టింది. నేను తిట్టలేదు. "ముందు తిను, చల్లారిపోతుంది" అన్నాను. తిన్నాక అడిగింది, "నీకెప్పుడు గిట్ల కాలేదా" అని. కాకపోవడమేమిటి. దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మాది మొగుడంపల్లి దగ్గర ఒక చిన్న ఊరు. ఎర్రమట్టి నేల. ఉతికిన బట్ట కూడా ఆరేసరికి కాస్త ఎర్రబడేది. ఇంట్లో మా బాపు, అమ్మ, నేను, వీళ్లందరి మీద మా బాపమ్మ. బాపు తల్లి. సన్నగా, పొడుగ్గా, గడకర్రలా ఉండేది. పొగాకు, సున్నం కలిపి దవడకు పెట్టుకునేది కాబట్టి తక్కువ మాట్లాడేది, మాట్లాడితే మాత్రం అది జరిగిపోవాల్సిందే. తెల్లవారుజామున ఆమె జొన్నరొట్టె కొట్టే చప్పుడుకే మేం లేచేవాళ్లం. పీట మీద పిండిముద్ద పెట్టి అరచేతులతో తడుతూ తిప్పుతుంటే అది చూస్తుండగానే పళ్లెమంత అయ్యేది. ఆ చప్పుడు పక్కింట్లో ఒక తీరుగా, మా ఇంట్లో ఒక తీరుగా ఉండేది. కళ్లు మూసుకుని వింటూ ఎవరి రొట్టె ఎవరిదో చెప్పేదాన్ని. పొయ్యిలో కందికట్టె పొగ, పెనం మీద పిండి కాలే వాసన, పచ్చిమిరపకాయ నూరిన ఘాటు. ఇప్పటికీ ఎవరింట్లోనన్నా ఆ మూడూ కలిసి వస్తే నాకు అప్పటికప్పుడు ఆకలి వేస్తుంది, తిని వచ్చినా సరే.

తినే వేళకే నాకు పరీక్ష. బాపమ్మ పాత చీర అంచు చింపి ఒక పట్టీ చేసిపెట్టుకుంది. నేను కంచం ముందు కూర్చోగానే నా డావ చెయ్యి నడుముకు కట్టేసేది. గట్టిగా కాదు, నొప్పి పుట్టేట్టు కాదు, దూడను కట్టినట్టు. "బువ్వకు డావ చెయ్యి తగిలితే లచ్చిమి లేసిపోతది" అనేది. ఒకరోజు ఆమె రొట్టె కొడుతుంటే చూసి అడిగాను. "మరి నువ్వు రొట్టెను రెండు చేతులతోని కొడుతున్నవ్ గద బాపమ్మా, లచ్చిమి పోదా?" ఆమె చెయ్యి ఆగలేదు. "ఇది నా డావ చెయ్యి. అది నీ డావ చెయ్యి" అంది. అంతే, విచారణ ముగిసింది. ఊళ్లో పిల్లలు నన్ను డావది అని పిలిచేవాళ్లు. అంజమ్మ అన్న పేరు ఇంట్లోనే మిగిలింది. గోలీలాడినా, దూరం రాయి విసిరినా నేనే గెలిచేదాన్ని, అయినా డావ చేతితో గెలిస్తే లెక్కలేదని కొట్టిపారేసేవాళ్లు.

వీటన్నింటికీ నేను ఏడవలేదు. నేను ఏడ్చింది విత్తనం దగ్గర. మా ఇంట్లో ఒక చీకటి మూల ఉండేది. అక్కడ పేడ, మట్టి కలిపి పూసిన బుట్టల్లో విత్తనాలు దాచేది బాపమ్మ. జొన్న, కంది, పెసర, నువ్వు, అన్నింటినీ బూడిదలో కలిపి, మీద వేపాకు పరిచి, మూత పెట్టి మళ్లీ మట్టితో మూసేది. తొలకరి ముందు ఆ మూత పగలగొట్టినప్పుడు లేచే వాసన ఇంకెక్కడా రాదు. చేదుగా, పొడిగా, నిద్రలేచిన ఇల్లులా ఉండేది. వాన పడి నేల పదునైందంటే ఊరంతా ఒకేసారి పొలాల్లో దిగేది. బాపు ఎద్దులతో గొర్రు తోలుతుంటే, అమ్మ వెనక నడుస్తూ గొర్రు మీది చెక్కగిన్నెలో పిడికిట్లోంచి గింజలు జారవిడిచేది. ఆ గింజలు వెదురు గొట్టాల్లోంచి సాళ్లలో పడేవి. కందికి మాత్రం వేరే ఒక గొట్టాన్ని తాడుతో గొర్రుకు కట్టి, దాన్ని పట్టుకుని ఇంకో ఆడమనిషి పక్కగా నడిచేది. విత్తనం ఆడవాళ్ల చేతిలోంచే పడాలి. నా ఈడు పిల్లలందరినీ ఆ పనికి పిలిచారు. నన్ను పిలవలేదు. "డావ చేతి ఇత్తనం మొలవదు. మొలిచినా పిట్టల పాలే" అని బాపమ్మ తీర్పు చెప్పేసింది. నాకు అంబలి కుండ మోసే పని ఇచ్చారు.

కుండ దింపి గట్టు మీద ముడుచుకుని కూర్చుంటే, బాపు ఎద్దులను మళ్లించుకుంటూ నా దగ్గర ఆగాడు. మా బాపు చాలా తక్కువ మాటల మనిషి. కాడికి కుడివైపు కట్టే ఎద్దును ఎలపటెద్దు అంటాం, ఎడమవైపుదాన్ని దాపటెద్దు అంటాం. ఆయన దాపటెద్దు మూపురం మీద చెయ్యి వేసి, "దీన్ని ఇప్పేసి ఒక్క ఎలపటెద్దుతోని గొర్రు తోలుమని మీ బాపమ్మకు చెప్పు, చూద్దాం" అన్నాడు. "నువ్వే చెప్పరాదు బాపూ" అన్నాను. ఆయన గట్టు అవతల నిలబడ్డ తన తల్లి వైపు ఒకసారి చూసి, "నేను చెప్పలేను బిడ్డా" అని ఎద్దులను అదిలించి వెళ్లిపోయాడు. అయినా ఆ మాట నాకు చాలా పనికి వచ్చింది. చెప్పే ధైర్యం లేకపోయినా నా పక్షాన ఒకడున్నాడని తెలిసింది.

రెండో మనిషి కాశవ్వ. బీదర్ వైపు నుంచి మా ఊరికి కోడలుగా వచ్చింది, మాటలో సగం కన్నడమే. ఎండాకాలం వచ్చిందంటే ఊళ్లో వాళ్లందరి పాత చీరలు, ధోతులు పోగేసి బొంతలు కుట్టేది. వాళ్ల అరుగు మీద బొంత పరిచి, ఒక అంచు నుంచి ఇంకో అంచుకు సన్నగా కుట్టుకుంటూ పోయేది. కుడిచేతి వాళ్లు కుడి అంచున మొదలుపెట్టి ఎడమ అంచుకు చేరుతారు. అక్కడికి చేరాక లేచి బొంతను తిప్పుకోవాలి, లేదా తామే అవతలికి వెళ్లి కూర్చోవాలి. కాశవ్వకు మోకాళ్ల నొప్పులు. వరుసకొకసారి "అయ్యో శివా" అనుకుంటూ లేచేది. ఒక మధ్యాహ్నం ఆమె ఎడమ అంచుకు వచ్చి సూది గుచ్చి లేవబోతుంటే, పక్కన ఊరికే కూర్చున్న నేను సూది తీసుకుని అటు నుంచి ఇటు కుట్టడం మొదలుపెట్టాను. నా చేతికి అదే సూటి దారి.

"నిల్లు నిల్లు" అంది కాశవ్వ. ఆగమని. "నీది డావ చెయ్యా?" నేను చెయ్యి వెనక్కి దాచుకున్నాను. ఆమె వంగి నా కుట్టు మీద వేలితో రాసి చూసింది. "దాసుకుంటవెందుకే పిచ్చిదానా? శివుడు నా మోకాళ్లను చూసి నిన్ను తోలిండు. బారవ్వా, ఇటు రా, కూసో" అని నన్ను పక్కకు జరుపుకుంది. ఆ ఎండాకాలమంతా అంతే. ఆమె ఇటు నుంచి అటు తెచ్చేది, అంచు దగ్గర సూది నాకు ఇచ్చేది, నేను అటు నుంచి ఇటు తెచ్చేదాన్ని. దారం తెంపే పని లేదు, బొంత తిప్పే పని లేదు. చెలకలో గొర్రు పోయి మళ్లి వచ్చినట్టు కుట్టు పోయి మళ్లి వచ్చేది. "ఒక కాడికి కట్టిన్రు మనలను" అని ఆమె నవ్వేది. మా బాపు చెప్పిన మాట ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఎవరూ చెప్పి ఉండరు. పని చేసేవాళ్లకు అవే మాటలు దొరుకుతాయి.

మరుసటి తొలకరికి బాపమ్మకు నడుము పట్టేసింది. కంది గొట్టం పట్టేది ఆమెనే, ఇప్పుడు కర్ర ఆనుకుని గట్టు మీదే నిలబడిపోయింది. ఊరంతా పొలాల్లో ఉంది, బదులుకు ఒక్క ఆడమనిషి ఖాళీ లేదు. మబ్బు విడిచింది, ఎండ కాస్తోంది, పదును ఆరిపోతోంది. అమ్మ గొర్రు దగ్గర నిలబడింది, బాపు ఆకాశం చూస్తున్నాడు. నేను అంబలి కుండ పట్టుకుని నిలబడ్డాను. అటువైపు వేరే వాళ్ల చెలకకు పోతున్న కాశవ్వ ఆగి, "ఆ పోరి ఉన్నది గద" అంది. బాపమ్మ వినపడనట్టు కొంగులో కందులు సర్దుకుంది. కాశవ్వ వదల్లేదు. "నువ్వు కప్పుకునే బొంత సగం దాని చేత్తోనే కుట్టించిన అత్తా. ఒక్క కుట్టు ఊడిందా చెప్పు. మరి కందిగింజ ఊడుతదా?" అంది.

బొంత సంగతి బాపమ్మకు అప్పటిదాకా తెలియదు. నా వైపు చూసింది, ఆకాశం వైపు చూసింది. వంగలేక వంగి గుప్పెడు మట్టి తీసి పిసికి చూసింది. ముద్ద కట్టడానికి ఇంకా కాస్త తడే మిగిలింది. కొంగులోంచి కందులు తీసి నా ఒడిలో పోసింది. "వెయ్యి. కాని సప్పుడు జెయ్యకు. ఏ చేత్తోని ఏస్తున్నవో భూమికి చెప్పకు" అంది.

"నువ్వు చెప్పవు గద?" అన్నాను.

"నేనెందుకు చెప్త. నా ఇజ్జత్ పోదా" అంది.

బాపు ముఖం అటు తిప్పుకున్నాడు. ఆయన వీపు కదులుతుంటే నవ్వుతున్నాడని తెలిసింది. కుడి చేత్తో గొట్టం పట్టుకుని డావ చేత్తో గింజలు వదులుతూ ఆ పొద్దంతా నడిచాను. తడిమట్టి కాళ్లకు అంటుకుని చెప్పులు తొడిగినట్టయింది. నిజంగానే ఒక్క మాట మాట్లాడలేదు. నేను అంతసేపు మాట్లాడకుండా ఉన్నది ఆ ఒక్క రోజే అని మా అమ్మ చాలా ఏళ్లు చెప్పుకుంది.

తర్వాత రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. తెల్లవారగానే చెలకకు ఉరికేదాన్ని. జొన్న లేచింది. కంది లేవలేదు. జొన్నకన్నా కంది నెమ్మది అని అందరికీ తెలుసు, నాకూ తెలుసు, అయినా నా ప్రాణం నిలవలేదు. ఒకనాడు నేను వెళ్లేసరికే సాలు పక్కన ఎవరో గొంతుక్కూర్చుని ఉన్నారు. బాపమ్మ. విత్తిన రోజు నుంచీ నడుము నొప్పితో మంచం దిగనిది కర్ర పొడుచుకుంటూ అంత దూరం వచ్చింది. నేను వెనక నిలబడ్డానని తెలిసినా తిరిగి చూడలేదు. ఎర్రమట్టి పగలదీసుకుని కందిమొలకలు వరసగా లేచాయి. ఆమె వేలితో ఒక్కొక్కదాన్నీ తాకుకుంటూ జరిగింది. చివరికి, "భూమి కండ్లు మూసుకున్నట్టుంది" అంది.

ఆ రాత్రి కంచం ముందు కూర్చుని చెయ్యి నడుము దగ్గర పెట్టుకుని పట్టీ కోసం చూశాను. బాపమ్మ వడ్డించుకుంటూ పోయింది. ఆ పట్టీతో విత్తనాల బుట్ట మూతి కట్టేసి ఉంది. నన్ను క్షమించమనడం, తప్పయిందనడం మా బాపమ్మ తరంలో లేవు. పట్టీ వేరే పనికి పోయింది, అంతే. జొన్న కోసేశాక కూడా కంది చలికాలం దాకా నిలబడి ఉంటుంది కదా. బోడి చెలకలో నా సాళ్లు ఒక్కటే పచ్చగా, పసుపు పూలతో నిలబడ్డాయి. అటుగా పోయే పిల్లలందరినీ నిలబెట్టి చూపించేదాన్ని. డావదాని కందులు అనే పేరు వాటికి పడింది. నేను కాదనలేదు.

పెళ్లయి జహీరాబాదు వచ్చాను. మా ఆయన మార్కెట్లో మూటలు మోసేవాడు. నేను అల్లం ఏరే కూలికి పోయేదాన్ని. మట్టి రాలగొట్టి, విరిగినవి ఒకవైపు, మంచివి ఒకవైపు వేయాలి. సాయంత్రానికి చేతులు మండిపోయేవి, ఆ చేత్తో కళ్లు తుడుచుకుంటే ఇక చూసుకోండి. మా గల్లీ మలుపులో యూసుఫ్ మాస్టర్ కుట్టు దుకాణం ఉండేది. ఒకసారి నా జాకెట్ కుట్టించుకుని చంక దగ్గర వంకర పోయిందని ఆయన ముఖం మీదే చెప్పాను. "మా ఊర్ల బొంత కూడ ఇంతకన్న సాపుగ కుడతం" అన్నాను. దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు. మాస్టర్ కళ్లద్దాల మీద నుంచి చూసి, "అట్లనా? అయితే రేపటి సంది నువ్వే వచ్చి కుట్టమ్మా" అన్నాడు. ఆయన వెటకారంగా అన్నాడు. నేను మరునాడు పొద్దున్నే వెళ్లి కూర్చున్నాను. ఆయన షట్టర్ ఎత్తుతూ నన్ను చూసి, "అరె, సచ్చీముచ్చి వచ్చినవా" అని తల కొట్టుకున్నాడు.

హుక్కులు కుట్టే పని ఇచ్చాడు. తర్వాత మిషన్ మీద కూర్చోబెట్టి చూశాడు. మిషన్ మీద బట్టంతా సూదికి ఎడమవైపే ఉంటుంది. బట్టను నడిపించే చెయ్యి ఎడమ చెయ్యే. "ఈ మిషన్ చేసినోడు నీ చుట్టమేనా ఏందమ్మా" అన్నాడు మాస్టర్. ఆ రోజు సంతోషం ఒక్క పూట కూడా నిలవలేదు, ఎందుకంటే సాయంత్రం కత్తెర చేతికిచ్చాడు. కత్తెర నా మాట వినలేదు. రేకులు రెండూ విడిపోయి బట్టను కొరకకుండా మడిచేవి, గీత ఎక్కడుందో కనపడేది కాదు, పిడి బొటనవేలిని కోసేది. పక్కన పనిచేసే పిల్లలు మూతులకు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. చదువు లేదు, మాట పల్లెటూరిది, చేతిలో కత్తెర కూడా నిలవదు. ఆ సిగ్గు నన్ను ఇంటికి పంపించాలి నిజానికి. కాని అది నన్ను అందరికన్నా ముందు దుకాణానికి పంపింది. ఎవరూ చూడకుండా కత్తెర పట్టాలంటే ఎవరూ రాకముందే పోవాలి కదా. పీలికలు ముందేసుకుని, గోడ వైపు తిరిగి, కత్తిరించి కత్తిరించి, బొటనవేలిని లోపలికి గుంజిపడితే రేకులు కలుస్తాయని కనిపెట్టాను. కాయ కాసింది. కాయ మీద కాయ కాసింది. చేతికి పట్టు దొరికింది.

అయినా ఒక తప్పు చేశాను. అది డావచేతి మనిషి తప్ప ఇంకెవరూ చేయని తప్పు. చిరాగ్‌పల్లి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ జాకెట్ మొదటిసారి నేనే మొత్తం కత్తిరించి కుట్టాను. ముందుపక్క హుక్కుల పట్టీ ఒకవైపు ఉండాలి, అవి తగిలించే కాజాలు ఇంకోవైపు. నేను నా చేతికి ఎలా అనువుగా ఉంటుందో అలా తిప్పి కుట్టేశాను. ఎవరూ చూసుకోలేదు, జాకెట్ వెళ్లిపోయాక మాస్టర్‌కు గుర్తొచ్చింది. "ఆమె వచ్చి లొల్లి పెడితే ఇంక నిన్ను ఉంచుకోలేనమ్మా, దుకాణం పేరు పోతది" అన్నాడు. కోపంగా అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. మళ్లీ అల్లం మండీకి పోవడమేనని అనుకున్నాను. వారం తిరగకముందే ఆవిడ కోడలు దుకాణం మెట్లెక్కింది. నేను మిషన్ వెనక తల దాచుకున్నాను. ఆమె సంచిలోంచి ఇంకా నాలుగు జాకెట్ గుడ్డలు తీసి బల్ల మీద పెట్టింది. "మా అత్త అన్ని గట్లనే కుట్టుమన్నది. ఆమె కుడి చెయ్యి విరిగి సరిగ్గ అతకలే. రోజు నేనే హుక్కులు పెడుతుంటి. ఇప్పుడు డావ చేత్తోని తనే పెట్టుకుంటుంది. పొద్దుగాల నన్ను పిలుస్తనే లేదు" అంది.

మాస్టర్ ఆ గుడ్డలు తీసుకొచ్చి నా ముందు పెట్టాడు. "నీ గలతీకి గూడ గిరాకి వచ్చిందమ్మా. ఇగ నిన్ను ఎట్ల పంపుత?" అన్నాడు. నేను నవ్వానో ఏడ్చానో తెలియదు. రెండూ చేసి ఉంటాను. ఆయన ఉన్నన్ని రోజులు అక్కడే పనిచేశాను, ఆ తర్వాత నా సొంత దుకాణం పెట్టుకున్నాను.

సొంత దుకాణంలో ఉన్నదల్లా ఒక్క ఇబ్బందే. నాకు అప్పటికి రాయడం రాదు. ఒక్కొక్క మనిషి కొలతకు ఒక్కొక్క తాడు. నడుముకొక ముడి, భుజానికొక ముడి, చేతికొక ముడి. గోడ నిండా తాళ్లు వేలాడేవి. ఎవరి తాడు ఎవరిదో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు, ఇంకెవరికీ తెలియదు. మౌనిక ఒకటో తరగతిలో పడ్డప్పుడు, బడి నుంచి నేరుగా దుకాణానికి వచ్చేది. నల్లటి అస్తరు గుడ్డ మీద నేను గీతలు గీసే సుద్దతో అ ఆ లు రాసేది. నేను పక్కన కూర్చుని దాని వెనకే రాసేదాన్ని, డావ చేత్తో. జుట్టు అప్పటికే సగం తెల్లబడింది. "గట్ల డావ చేత్తోని రాస్తే మా టీచర్ కొడతది అమ్మమ్మా" అంది. "మీ టీచర్‌ను నా దిక్కు తోలు, జాకెట్ల చంకలు బిగ్గ కుడత" అన్నాను. దానికి నా మీద జాలి లేదు. తప్పు రాస్తే పెద్ద గీతతో కొట్టేసేది. జాకెట్ బేరానికి వచ్చిన ఆడవాళ్లు నవ్వితే ఇది వాళ్లను గుర్రున చూసేది. నా అక్షరాలు అక్కడే వచ్చాయి. తప్పయితే దులిపేస్తే పోయే అక్షరాలు. అందుకే నాకు వాటి మీద భయం పోయింది.

దుకాణానికి బోర్డు రాయించేటప్పుడు పెయింటర్ నసిగాడు, "డావ అని ఎందుకమ్మా, మంచిగుండది, అంజమ్మ టైలర్స్ అని పెడదాం" అని. నేను సుద్దముక్క తీసుకుని ఆ రేకు మీద నేనే రాశాను. డావ అంజమ్మ. అక్షరాలు కాస్త కుడికి ఒరిగాయి. "దీని మీదికెల్లే రంగు వెయ్యి, ఒక్క సున్న కూడ సక్కగ చెయ్యకు" అన్నాను. ఇప్పటికీ ఆ బోర్డే ఉంది, ఆ ఒరుగుడు ఉంది.

ఇదంతా చెప్పాక మౌనికతో ఇంకొకటి కూడా అన్నాను. మా ఊళ్లో ఇప్పుడు గొర్రు లేదు. ట్రాక్టర్ వచ్చి పూటలో విత్తి పోతుంది, విత్తనం సంచుల్లో వస్తుంది, ఎవరి చేతిలోంచీ పడదు, కాబట్టి ఏ చెయ్యి అని అడిగేవాళ్లు లేరు. పిల్లలకు కంచం ముందు చెయ్యి కట్టేవాళ్లూ లేరు. మంచిదైంది. ఆ చీకటి మూల వాసన పోయిందని నాకు బాధ ఉంది కాని, దాన్ని తెచ్చుకోవడానికి పట్టీ కూడా మళ్లీ తెచ్చుకోను. "నా చెయ్యి మా బాపమ్మ కట్టింది, ఆమెనే ఇప్పింది. నీ చెయ్యి ఎవ్వలు కట్టలే. నువ్వే కట్టుకోని కూసున్నవ్. అది నువ్వే ఇప్పుకోవాలె" అన్నాను. "నువ్వు ఒకటో తరగతిల ఉన్నప్పుడు నీ పక్కన కూసున్న నేను నీకన్న ఎంత పెద్దదాన్నే? నువ్వు నన్ను అక్కా అని కూడ అనలే" అన్నాను. అప్పుడు నవ్వింది.

తర్వాత కొత్త కత్తెర తీసుకుని ఒక పీలిక ముందేసుకున్నాను. చూడండి మా డావ చేతికి పట్టిన రాజభోగం అని అందరినీ పిలిచాను. కత్తిరించాను. బట్ట మడతపడి నలిగింది. మళ్లీ చూశాను. మళ్లీ నలిగింది. కాసేపటికి అర్థమైంది. తిరగేసిన కత్తెరతో అన్నేళ్లు బొటనవేలిని లోపలికి గుంజి గుంజి నా చేతికి అదే చదువైపోయింది. సరైన కత్తెర దొరికేసరికి ఆ గుంజుడే రేకులను విడదీస్తోంది. మా బిడ్డ పడీ పడీ నవ్వింది. మౌనిక ముఖం చిన్నబుచ్చుకుంది. "వాపస్ ఇయ్యనా అమ్మమ్మా" అంది.

"వాపస్ ఎందుకే? నేర్చుకుంట" అన్నాను. "నాకు ఇది ఒకటో తరగతి. నీకు అది ఒకటో తరగతి. ఎవ్వలు ముందు పాసైతరో చూద్దాం."

సంగారెడ్డికి ఫోన్ చేసి వద్దని చెప్పే మాట ఆ తర్వాత ఇంట్లో వినపడలేదు. నేను రోజూ మధ్యాహ్నం గోడ వైపు తిరగకుండా, వీధి వైపు తిరిగి కూర్చుని పీలికలు కత్తిరిస్తున్నాను. సక్కగా రావడం మొదలైంది. కత్తిరించిన పీలికలన్నీ కలిపి మౌనిక హాస్టల్ మంచానికని బొంత పరిచి ఇద్దరం కుడుతున్నాం. దానిది కుడి చెయ్యి. దానికి కుట్టు రాదు, దారం గుంజి ముడతలు తెస్తుంది, ప్రతి కుట్టుకూ నన్ను చూస్తుంది. నిన్న సాయంత్రం దాని మొదటి వరస వంకరటింకరగా వచ్చి అంచు దగ్గర ఆగింది. లేచి బొంత తిప్పబోయింది.

"నిల్లు నిల్లు" అన్నాను. "కూసో. సూది ఇటు తే."